బోట్లన్నీ ఒడ్డునున్నప్పుడే

ఏప్రిల్ రెండో వారంలో ఒక ఉదయం ఫిషింగ్ హార్బర్ పక్క కాలనీ నుంచి ఫోన్ వచ్చింది. చేపలమ్ముకునే ఆమె, పదమూడేళ్ళుగా నాకు తెలిసిన మనిషి. కుశల ప్రశ్నలేమీ లేకుండా విషయంలోకి వచ్చింది.

"బాబూ, మా పుస్తకాలమ్మ అన్నగారు వస్తన్నారంట. ఆ నోటుబుక్కు ఇచ్చీమంతన్నారు. ఇంకో నాలుగు రోజుల్లో బోట్లు కట్టేత్తారు. ఈపాలి అదే సదవాలనుకున్నాం. ఏటి సెయ్యమంతావు?"

"అది ఆమె రాసుకున్నది. ఆయన సొంత అన్నయ్య. ఇవ్వాలో వద్దో మీరే ఆలోచించుకోవాలి" అన్నాను.

"పేపరోడినని మళ్ళీ రుజువు సేసుకున్నావు. అటూ సెప్పవు, ఇటూ సెప్పవు" అని పెట్టేసింది.

పుస్తకాలమ్మ ఫిబ్రవరిలో పోయింది. ఏ పత్రికలోనూ రాలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఇతరుల చావు వార్తలు దిద్దినవాణ్ణి, ఆమెకు నాలుగు లైన్లు రాద్దామని కూర్చుని లేచాను. అలాంటి వార్తకు కావలసిన సమాచారం నా దగ్గర లేదు. రైతు కుటుంబంలో పుట్టిందని, పోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయిందని, గాజువాకలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేదని తెలుసు. అంతకు మించి నాకు తెలిసినదల్లా ఆమె పుస్తకం ఎలా తెరిచేదన్నదే. అది ఏ చావు వార్తలోనూ ఇమడదు.

పొట్టి మనిషి. మగవాళ్ళ చేతిగడియారం పెట్టుకునేది. కళ్ళజోడుకి వల అల్లే నైలాన్ దారం కట్టి మెడలో వేసుకునేది. పుస్తకం తీయగానే ముందు చీర కొంగుతో అట్ట తుడిచేది. రేవు పక్కన ఉన్నాక ఏ వస్తువు మీదైనా నల్లటి బొగ్గుపొడి ఉండనే ఉంటుంది. తుడిచాక వెంటనే తెరిచేది కాదు. పుస్తకం మీద అరచెయ్యి ఆనించి, తలెత్తి కిటికీలోంచి జెట్టీ వైపు చూసేది. పెదవులు కదిలేవి. మొదట్లో ఏదో శ్లోకం చదువుకుంటోందనుకున్నాను. అడిగితే నవ్వింది.

"శ్లోకమేటి బాబూ! ఎన్ని బోట్లు బయటున్నాయో లెక్కెడతన్నాను."

ఆ లెక్క ఎందుకో చెప్పాలంటే మొదటి ఏడాది జరిగింది చెప్పాలి.

కాలనీలో తుపాను షెల్టర్ ఉంది. తుపాను రాని రోజుల్లో దాని మేడ మీద గది ఖాళీ. ఊరి పెద్దల్ని అడిగి ఆ గదిలో పిల్లలకు పుస్తకాలు పెట్టింది. ఇనుప అరలు ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించింది. ఏ అర ఎంత ఎత్తున ఉండాలన్న దాని మీద రెండు రోజులు వెల్డర్‌తో దెబ్బలాడిందట. కింద అరలో జంతువుల కథలు, పొడుపు కథలు. మధ్యలో సైన్సు, దేశాలు. అన్నిటికంటే పైన, మనుషులు మనుషులకు చేసిన ఘోరాల పుస్తకాలు. కరువులు, ఊచకోతలు, బాంబులు, బానిసల ఓడలు. పదో తరగతి పిల్లకు చెయ్యి చాపితే అందే ఎత్తు అది. ఆ గదిలో స్టూలు లేకపోవడం మరుపు కాదు. ఒకసారి తాటిచెట్టులా ఎదిగిన ఎనిమిదో తరగతి కుర్రాడొకడు పై అర పుస్తకం లాగితే చేతిలోంచి తీసుకుంది.

"ఒళ్ళు పెరిగిందిరా నీకు. ఈడు పెరగలేదు. కిందది తీసుకో."

"మరి ఆ పొట్టి పిల్లది పదో తరగతే గదమ్మా, దానికి అందట్లేదు!"

"దానికి నాను తీసిస్తాను."

"నీకూ అందదు గదమ్మా!" అన్నాడు వాడు. ఆమెకు నిజంగానే అందదు. ఆ రోజు పుస్తకం వాడి చేతే తీయించి ఆ అమ్మాయికి ఇప్పించింది.

అయితే మొదటి ఏడాది ఈ నియమం పిల్లలు తీసుకునే పుస్తకాలకే ఉండేది, తాను చదివి వినిపించేవాటికి లేదు. తనకు మంచిదని తోచిన పుస్తకం తోచిన రోజున చదివేది. అలా ఒక జూలై సాయంత్రం ఇరవై మంది పిల్లల్ని కూర్చోబెట్టి బానిసల ఓడ కథ చదివింది. ఆఫ్రికా నుంచి మనుషుల్ని గొలుసులేసి పట్టుకుపోతూ, జబ్బుపడిన వాళ్ళను బతికుండగానే సముద్రంలోకి తోసేసిన సంగతి అందులో ఉంది. పిల్లలు కదలకుండా విన్నారు. బాగా చదివానని సంతోషపడి గాజువాక బస్సెక్కింది.

ఆ వారమే కాలనీ నుంచి మా ఆఫీసుకు ఫోనొచ్చింది, లైబ్రరీ పేరుతో ఎవరో పిల్లల్ని హడలగొడుతున్నారని. నన్ను పంపారు. నేను మెట్లెక్కేసరికి గుమ్మంలో ఒకామె ఖాళీ తట్ట చంకన పెట్టుకుని నిలబడి అరుస్తోంది. మొన్న నాకు ఫోన్ చేసింది ఆమే.

"ఏటమ్మా నువ్వు సదివింది? మగోళ్ళు సముద్రం మీదుంతే మునగడం అన్న మాట మా ఇళ్ళల్లో నోట్లోంచి రానీము. నువ్వు గుంటల్ని కూకోబెట్టి, మనుసుల్ని నీళ్ళల్లోకి తోసీసిన కత సదువుతావా? నా గుంట అన్నం ముట్టదు. ఆలయ్య సేపల యేట నుంచొచ్చినాడు. మళ్ళీ ఎల్దామంతే కాలట్టుకుని ఒగ్గదు. బోటు ఆణ్ణొగ్గీసి ఎల్లిపోనాది!"

ఆమె కూతురికి అప్పుడు తొమ్మిదేళ్ళు. తల్లి చీర వెనక నిలబడి ఉంది.

"బోట్లు బయటున్నాయని నాకు తెలీలేదమ్మా" అంది పుస్తకాలమ్మ.

"ఆర్నెల్ల నుంచి వస్తన్నావు. కిటికీలోంచి సూత్తే తెలీదేటి?"

పుస్తకాలమ్మ కిటికీ వైపు చూసింది. "తప్పు నాదే. పుస్తకానిది కాదు" అంది.

"ఆ పుస్తకం మాత్తరం నీది కాదేటి!"

మర్నాడు జిల్లా పేజీలో చిన్న వార్త రాశాను. ఓడ మునకల కథలతో పిల్లలకు భయం, తల్లుల ఆగ్రహం అని శీర్షిక పెట్టాను. రెండు రోజులకు పుస్తకాలమ్మ ఆఫీసుకే వచ్చింది. ఆ ముక్క కత్తిరించి ఎర్ర పెన్నుతో గీత గీసి తెచ్చింది. నన్ను తిట్టడానికి వచ్చిందనుకున్నాను.

"ఓడ మునగలేదు బాబూ. ఓడ బేషుగ్గా ఒడ్డు చేరింది. బతికున్న మనుషుల్ని తోసేసినారు. పిల్లలకి చెప్పినందుకు నన్ను తిట్టు, పడతాను. ఆ పోయినోళ్ళ కథ మాత్రం మార్చీకు."

తమ పేరులో అక్షరం తప్పు పడిందని, ఫొటో బాగా లేదని సవరణ అడిగిన వాళ్ళను వందల మందిని చూశాను. ఎప్పుడో పరాయి సముద్రంలో పోయిన, పేర్లు కూడా తెలియని మనుషుల తరఫున సవరణ అడగడానికి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. రెండు లైన్ల సవరణ వేశాం, మూలన.

ఊరి పెద్దలు గదికి తాళం వేశారు. ఆమె మానలేదు. రోజూ నాలుగింటికి బస్సు దిగి వచ్చి, మూసిన గది ముందు మెట్ల మీద కూర్చుని పొడుపు కథలు చదివేది. ఒకరోజు ఇద్దరు పిల్లలు, ఒకరోజు ఎవరూ లేరు. ఎవరూ లేని రోజు కూడా ఆరింటి దాకా కూర్చుందని టీ కొట్టతను చెప్పాడు. పదకొండు రోజులు. పన్నెండో రోజున పెద్దలు పిలిచారు. నేనూ వెళ్ళాను.

"ఆ ఏడుపు పుస్తకాలట్టుకెల్లిపో అమ్మా, తాళం తీసీస్తాం. మిగతాయి సదువుకో. ఎవలొద్దన్నారు?" అన్నాడు ఒక పెద్దాయన.

"ఆ ఏడుపులు పిల్లలకి ఎలాగూ తెలుస్తాయి బాబూ. ఫోన్లో తెలుస్తాయి, ఈధిలో తెలుస్తాయి. అప్పుడు పక్కన ఎవరుంటారు?"

"సరే మరి. ఎంత ఈడుకి సెప్తావు? ఎప్పుడు సెప్తావు? అది తేల్చు."

"నాకు తెలీదు. తెలిసుంటే ఈ తప్పు చేసీదాన్ని కాదు." గుమ్మం దగ్గర నిలబడ్డ చేపలామె వైపు చెయ్యి చూపింది. "ఆవిణ్ణడగండి."

అందరూ అటు చూశారు. ఆమె తడుముకోలేదు. "నాను ఆ కత ఇనలేదు. గుంట సెప్పిందే ఇన్నాను. ముందు నాకు సదువు" అంది.

పెద్దలు విసుక్కున్నారు గానీ లేవలేదు. పుస్తకాలమ్మ ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివింది. గంటన్నర పట్టింది. బీడీలు ఆరిపోయాయి. చదవడం అయ్యాక ముందు మాట్లాడింది చేపలామె.

"ఆ ఓడలో ఉన్నోళ్ళకీ పిల్లలుంతారు గదా. ఆళ్ళకి ఎవలు సెప్పుంతారు?" అంది.

పుస్తకాలమ్మ వైపు తిరిగింది.

"మా గుంటలకి తట్టెత్తినప్పుడు ఒకేపాలి నిండా ఎత్తం. ఈడు సూసి ఎత్తుతాం. ఎత్తీసి ఒగ్గీం. ఎనకాల నడుత్తాం. అలగైతే సదువు. బోట్లన్నీ ఒడ్డునున్నప్పుడు సదువు, ఆలయ్యలు ఇంట్లో ఉంతారు. పొద్దున్న సదువు, సాయంత్రందాకా ఎండలో ఆడుకుంతారు. నానొచ్చి కూకుంతాను."

ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి. బడులకూ సెలవులు. పై అర పుస్తకాలు ఆ రెండు నెలల్లోనే, ఉదయం పూటే, ఇంటి పెద్ద ఒకరు పక్కనుంటేనే చదవాలని ఆ రోజు తేలింది. పిల్లలకు ఏది ఎప్పుడు చెప్పాలన్న దాని మీద మేధావుల సదస్సులు చాలా కవర్ చేశాను. ఇంత సూటిగా తేల్చినది ఇంకొకటి గుర్తులేదు.

తర్వాత వేసవుల్లో ఎన్నో ఉదయాలు ఆ గదిలో ఓ మూల కూర్చున్నాను. తండ్రులు మొదట్లో సిగ్గుపడేవారు. వల బాగుచేసుకునే మిషతో వచ్చి, గోడవార వల పరుచుకుని, చెవి మాత్రం ఇటు వేసేవారు. కాసేపటికి వల మీద చేతులు ఆగిపోయేవి.

చదవబోయే ముందు పుస్తకాలమ్మ దాచకుండా చెప్పేది. "ఈ కథలో ఒక పాప చచ్చిపోతుంది. ఎనిమిదో పేజీలో. ముందే చెప్పేస్తన్నాను."

"సివర తెలిసిపోనాక ఇంకెందుకమ్మా సదవడం?" అని ఒకడు గొణిగేవాడు.

"చావుని దాచిపెట్టి ఉలిక్కిపడీలా చెయ్యడం సినిమావోళ్ళ పనిరా. మనం ఎందుకు చంపినారో తెలుసుకోడానికి చదువుతన్నాం."

తలుపు తెరిచే ఉండేది. ఎవరైనా మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు. ఎందుకు వెళ్ళావని ఎవరూ అడగకూడదు. కొన్ని పుస్తకాల్లో శవాల ఫొటోలుంటాయి. వాటి మీద ఖాకీ అట్ట కాగితం పెట్టి గుండుసూది గుచ్చేది. కాగితం మీద తరగతి రాసేది. ఫొటో చింపేది కాదు. పదో తరగతికి వచ్చిన పిల్లలు కొందరు గుర్తుపెట్టుకుని వచ్చి, తల్లినో తండ్రినో పక్కన పెట్టుకుని సూది తీసేవారు. కొందరు సూది మీద వేలు పెట్టి, "వచ్చే ఏడు తీస్తానమ్మా" అని మానేసేవారు. "సూది ఎక్కడికీ పోదు" అనేది.

చదివాక ప్రశ్నలు మూడే. ఏడెనిమిదేళ్ళ పిల్లల్ని, బాధపడింది ఎవరని అడిగేది. పదేళ్ళు దాటితే, చేసింది ఎవరని. పై అర అందుకునే పిల్లల్ని, చూస్తూ ఊరుకున్నది ఎవరని. ఇంకో ప్రశ్న కూడా అడగొచ్చు కదా అని నేనొకసారి సలహా ఇచ్చాను. నువ్వే అక్కడుంటే ఏం చేసేవాడివి అని బడుల్లో అడుగుతారు, పిల్లలు బాగా ఆలోచిస్తారని అన్నాను.

"ఆలోచించరు బాబూ, అబద్ధమాడతారు. నానైతే కాపాడీవోణ్ణి అంటారు. అందరూ కాపాడీవోళ్ళే అయితే చంపినోళ్ళెవరు?"

ఆమె ఓపిక గల మనిషి కాదు. పేజీలు మడిస్తే చేతి మీద కొట్టేది. బస్సు ఆలస్యమైతే కండక్టర్‌తో మొదలుపెట్టి రవాణా మంత్రి దాకా తిట్టేది. పుస్తకం చేతిలో ఉన్న రెండు గంటలే నెమ్మది.

ఒక వేసవిలో రంగం పుస్తకం చదివింది. రంగూన్‌ను మా వైపు రంగం అంటారు. మన జిల్లాల నుంచి ఓడల్లో వెళ్ళి అక్కడి రేవులో మూటలు మోసిన తెలుగు కూలీలను అక్కడివాళ్ళు వెంటపడి నరికిన సంగతి. వింటున్న వాళ్ళలో ముత్తాతలు రంగం వెళ్ళి తిరిగి రాని ఇళ్ళు రెండో మూడో ఉన్నాయి. చదవడం అవగానే పన్నెండేళ్ళ కుర్రాడు పిడికిలి బిగించి, "ఆ రంగపోళ్ళందర్నీ సంపీయాల" అన్నాడు. గోడవార తండ్రులు ఔనన్నట్టు తలూపారు.

పుస్తకాలమ్మ చేతిలో పుస్తకం దించింది. ఏదో అనబోయింది. ఈలోగా చేపలామె కూతురు లేచింది. అప్పటికి పదో తరగతికి వచ్చింది. వాడితో కాదు, పుస్తకాలమ్మతో మాట్లాడింది.

"అమ్మా, ఓడల్లో తోసీసినోళ్ళు తెల్లోళ్ళు. రంగంలో నరికినోళ్ళు రంగపోళ్ళు. నువ్వు సదివిన కతల్లో సేసినోళ్ళెప్పుడూ దూరపోళ్ళే. మీ ఊర్లో ఎవలూ ఏటీ సెయ్యలేదేటి?"

ఏ ప్రశ్నకైనా తడుముకోని మనిషి పుస్తకం మూసి, కొంగుతో మళ్ళీ తుడిచి, ఆ అమ్మాయి చేతికే ఇచ్చి పైన పెట్టమంది. బస్సు టైమైందని నాతో చెప్పి దిగిపోయింది. ఇంకా పదిన్నరే అయింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె వీలు దొరికినప్పుడల్లా ఎక్కడికో వెళ్ళి వచ్చేది. ఎక్కడికని అడిగితే "ఊరికి" అనేది. ఐదో ఏడు ఒక నోటుబుక్కు నా ముందు పెట్టింది. క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి ఉంది. టైపిస్టుగా బతికిన మనిషి, చేత్తో రాసింది. పిల్లలు చదవగలిగేలా, చిన్న చిన్న వాక్యాల్లో.

అందులో ఉన్నది ఆమె పుట్టిన ఊరి సంగతి, ఆ ఊరి పేరు నేనిక్కడ రాయను. ఒక కరువేడు వేసవిలో ఆ ఊరి మాలపేటలో బావి ఎండిపోయింది. పేట ఆడవాళ్ళు రైతుల బావి దగ్గరికొచ్చి నీళ్ళు తోడుకున్నారు. మర్నాడు మిట్టమధ్యాహ్నం కొందరు రైతులు పేటకు వెళ్ళి తాటాకు ఇళ్ళకు నిప్పు పెట్టారు. మగవాళ్ళు పనుల్లో ఉన్నారు. లేవలేని ఒక ముసలమ్మ, ఉయ్యాల్లో ఒక పసిబిడ్డ బయటికి రాలేదు. మిగిలిన వాళ్ళు ఊరొదిలి పట్నానికి కూలికి వెళ్ళిపోయారు. పేట ఉన్న చోట ఇప్పుడు జీడిమామిడి తోట. రాసినవాళ్ళు లేరు, కేసు లేదు. నిప్పు పెట్టిన నలుగురి పేర్లు ఆమె ఊళ్ళో ముసలివాళ్ళను అడిగి పట్టుకుంది. నలుగురూ ఆమె బంధువులే. ఇద్దరు పెదనాన్నలు.

"నాకు అప్పటికి రెండేళ్ళు. డెబ్భై ఏళ్ళు ఆ ఇంటి అన్నం తిని పెరిగినాను బాబూ. ఆ గుంట అడిగీదాకా నన్నెవరూ అడగలేదు, నాను ఎవర్నీ అడగలేదు" అంది.

అన్నయ్యకు తెలిసిపోయింది. ఆమె కంటే ఐదేళ్ళు పెద్ద, ఎలమంచిలిలో కూతురి దగ్గరుంటాడు. నేను గదిలో ఉండగానే ఆమెకు ఫోన్ చేశాడు. అరుపు నాకూ వినిపించింది. "ఇంటి మరేద తీసుకెళ్ళి సేపలోళ్ళ ముందెట్టుతావా?"

"మరెవరి ముందెట్టమంటావు? చెప్పు అన్నయ్యా, ఆళ్ళ ముందే ఎట్టుతాను" అంది. అవతల పెట్టేసిన చప్పుడు.

కిందటి వేసవిలోనే చదవాలి. కానీ ఏప్రిల్ మొదట్లో చేపలామె అత్తగారు పోయింది. మైల ఉన్న ఇంటి పిల్లల ముందు చావుల పుస్తకం తెరవనంది పుస్తకాలమ్మ. మే నెలలో చదవొచ్చు కదా అన్నాను. "ఆ ఇల్లు ఇంకా ఏడుస్తంది బాబూ. డెబ్భై ఏళ్ళు ఆగినాది, ఇంకో ఏడు ఆగుతుంది" అంది. నోటుబుక్కు ఆగింది, ఆమె ఆగలేదు. ఆసుపత్రికి వెళ్ళేముందు దాన్ని తెచ్చి చేపలామె చేతిలో పెట్టి, వేసవికి చదివించమని మాత్రం చెప్పిందట.

బోట్లు కట్టేసిన ఐదో రోజున చదువు పెట్టుకున్నారు. నేను ఏడింటికి వెళ్ళాను. పదేళ్ళు దాటిన పిల్లల్నే రమ్మన్నారు. పద్దెనిమిది మంది, పక్కన ఒక్కో పెద్ద. చేపలామె కూతురు ఇప్పుడు బీఈడీ చదువుతోంది. నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చదవడం మొదలుపెట్టబోతుండగా మెట్ల మీద కర్ర చప్పుడైంది.

ఎనభైకి చేరువైన మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో గుడ్డ సంచి. పొద్దున్న రైలుకే ఎలమంచిలి నుంచి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మా చెల్లి నోటుబుక్కు ఇచ్చీమ్మా. అది మా ఇంటిది."

"ఇత్తాను బాబూ. సదివీసి ఇత్తాను" అంది చేపలామె.

"సదవడానికి కాదు, నాను ఒచ్చింది."

"అమ్మ సదివించమని నా సేతిలో ఎట్టింది బాబూ. సదవకుండా ఇచ్చీసి ఆయమ్మకేటి సెప్పను? నువ్వు కావాలంతే ఈళ్ళందరి ముందూ నా సేతిలోంచి లాక్కో. నాను అడ్డెట్టను."

ఆయన పిల్లల వైపు చూశాడు. పద్దెనిమిది మందీ ఆయన్నే చూస్తున్నారు. చెయ్యి చాపలేదు.

"కూకో బాబూ. తలుపు తీసే ఉంతాది. నచ్చకపోతే నెగిసి ఎల్లిపో. ఎందుకని ఇక్కడెవలూ అడగరు" అంది చేపలామె. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ జరిపారు. గుమ్మం పక్కనే, వెళ్ళిపోయేవాడిలా అంచు మీద కూర్చున్నాడు.

చేపలామె కూతురు పిల్లలకు ముందే చెప్పింది. "ఇందులో ఒక ముసలమ్మ, ఒక పసిబిడ్డ సచ్చిపోతారు. నాలుగో పేజీలో. ఇది నిజంగా జరిగింది. దగ్గర్లోనే."

చదివింది. బావి ఎండిపోవడం, కుండలు, రైతుల బావి. పిల్లలు కదలలేదు. నాలుగో పేజీ. తాటాకు, నిప్పు, ఉయ్యాల. ఒక అమ్మాయి లేచి బయటికెళ్ళింది. వాళ్ళమ్మ వెనకాలే వెళ్ళింది. చేపలామె కూతురు ఆగి, మళ్ళీ చదివింది. "నిప్పు పెట్టినవాళ్ళు నలుగురు." ఒక్కొక్క పేరూ చదివింది.

"తప్పు" అన్నాడు ఆయన.

అందరూ తిరిగారు. అబద్ధం రాసిందంటాడని అనుకున్నాను. చేపలామె కూడా అదే అనుకున్నట్టుంది, లేచి నిలబడింది.

"నలుగురు కాదు. ఐదుగురు."

ఆయన ఎవరినీ చూడకుండా చెప్పాడు. "మా చెల్లికి తెలీదు. పసిగుంట. ఊర్లో అడిగితే దానికి ఎవడు సెప్తాడు ఆ పేరు? నాకు ఏడేళ్ళు. గట్టు మీద నించుని సూసినాను. అప్పట్నుంచీ ఎవలికీ సెప్పలేదు."

ముందు వరసలో కూర్చున్న కుర్రాడు అడిగాడు. "ఐదో ఆయన ఎవలు తాతా?"

ఆయన తలుపు వైపు చూశాడు. అది తెరిచే ఉంది. కర్ర మీద చెయ్యి వేశాడు. లేస్తాడనుకున్నాను. లేవలేదు.

"మా నాన్న" అన్నాడు.

చదువుతున్న అమ్మాయి లేచి వెళ్ళి, నోటుబుక్కు ఆ పేజీ దగ్గర తెరిచి ఆయన ఒళ్ళో పెట్టింది. పెన్ను ఇచ్చింది. ఆయన కళ్ళజోడు కోసం జేబులు వెతుక్కున్నాడు. దొరికాక, చెల్లెలి రాతలో 'నలుగురు' అన్న మాట కొట్టేసి పైన రాశాడు. నాలుగు పేర్ల కింద ఐదో పేరు రాశాడు. రెండు అక్షరాలు అలుక్కుపోతే, మళ్ళీ దిద్దాడు. సిరా ఆరేదాకా చూస్తూ కూర్చున్నాడు.

గుడ్డ సంచి ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. నోటుబుక్కు అందులో పెట్టుకోలేదు. అమ్మాయి చేతికి తిరిగిచ్చి, కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాడు.

"తరవాతది సదువమ్మా" అన్నాడు.